లినక్స్ ఇన్‌స్టాల్ ఎక్కడ ఆగింది? ల్యాప్‌టాప్ బూట్ వరుసలో తప్పు వెతికే పద్ధతి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేకపోవడం వల్లనో, ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం కన్నా పాతది కావడం వల్లనో విండోస్ 11కు అర్హత దక్కని ల్యాప్‌టాప్‌లు ఇళ్లలోనూ హాస్టళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. వాటిని మూలన పడేయడం ఇష్టంలేనివారికి ఉబుంటు, లినక్స్ మింట్, ఫెడోరా, డెబియన్ వంటి ఓపెన్ సోర్స్ వ్యవస్థలు చేతికందే ప్రత్యామ్నాయం. అంతా సవ్యంగా జరిగితే ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. జరగనప్పుడు ఎదురయ్యేది ఒక నల్లటి తెర, లేదా అసలు డిస్కే లేదనే ఇన్‌స్టాలర్, లేదా పని పూర్తయిందని చెప్పి రీస్టార్ట్ చేశాక ఏమీ జరగనట్టు మళ్లీ ప్రత్యక్షమయ్యే విండోస్. ఈ స్థితిలో చాలామంది ‘ఈ ల్యాప్‌టాప్‌కు లినక్స్ పడదు’ అని తేల్చేస్తారు. నా ఉద్దేశంలో అది తొందరపాటు తీర్పు. ఈ వైఫల్యాల్లో ఎక్కువ భాగానికి మూలం లినక్స్ కెర్నల్ అనే ప్రధాన ప్రోగ్రామ్‌లో కాక, విండోస్ కోసం ఫ్యాక్టరీలో అమర్చి పంపిన ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండే తొలి సాఫ్ట్‌వేర్) సెట్టింగుల్లో ఉంటుంది.

పవర్ బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా జరిగేది, ఇల్లు కట్టే చోట కూలీలు వరుసగా నిలబడి ఇటుకలను ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి అందించుకోవడం లాంటిది. మొదట మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్ మేలుకుంటుంది. అలవాటు కొద్దీ బయాస్ అనే పిలుస్తున్నా, గత పదేళ్లలో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటిలోనూ ఉన్నది యూఈఎఫ్ఐ. అది డిస్కు మీద ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న ఒక చిన్న పార్టిషన్‌లో (డిస్కును విభజించిన భాగంలో) బూట్‌లోడర్‌ను, అంటే వ్యవస్థను లేపే చిన్న ప్రోగ్రామ్‌ను, వెతికి పట్టుకుంటుంది. పైన చెప్పిన నాలుగు వ్యవస్థల్లోనూ ఆ బూట్‌లోడర్ పేరు గ్రబ్. గ్రబ్ కెర్నల్‌నూ, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ వ్యవస్థనూ మెమరీలోకి ఎక్కిస్తుంది. అందులోని డ్రైవర్ల సాయంతో కెర్నల్ అసలు డిస్కును తెరిచి, సర్వీసులను మొదలుపెట్టి, చివరికి గ్రాఫిక్స్‌ను లేపితే లాగిన్ తెర వస్తుంది. ఇటుక ఎవరి చేతిలో ఆగిందో చూడకుండా వరుసలోని అందరినీ మార్చడం వల్ల ప్రయోజనం లేదు. ఒకేసారి నాలుగు సెట్టింగులు మార్చేవాడికి సమస్య తీరినా ఎందుకు తీరిందో తెలియదు.

ఎక్కడ ఆగిందో చెప్పే ఆనవాళ్లు తెర మీదే ఉంటాయి. కంపెనీ లోగో దాటి ఏమీ రాకపోయినా, బూట్ చేయదగిన పరికరమే లేదన్న సందేశం వచ్చినా చూడాల్సింది ఫర్మ్‌వేర్ వైపు. ‘గ్రబ్ రెస్క్యూ’ అనే ప్రాంప్ట్ వస్తే ఫర్మ్‌వేర్ తన పని చేసింది, గ్రబ్ కూడా లేచింది, కానీ తన మిగతా ఫైళ్లున్న పార్టిషన్ దానికి దొరకలేదు. బ్రాకెట్లలో ‘ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్’ అని రాసి ఆగిపోతే కెర్నల్ వచ్చి అసలు డిస్కును తెరవలేకపోయిందన్నమాట. డిస్కు డ్రైవర్ లేకపోవడమో, పార్టిషన్ గుర్తింపు సంఖ్య మారిపోవడమో, ఫైల్ వ్యవస్థ దెబ్బతినడమో సాధారణంగా దీని వెనక ఉంటుంది. తెర పూర్తిగా నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడాలి. నొక్కినప్పుడల్లా దాని దీపం వెలిగి ఆరుతుంటే కెర్నల్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే రావడం లేదు. ఎవరూ నొక్కకుండానే అదే పనిగా మినుకుమంటుంటే కెర్నల్ ప్యానిక్‌లో పడింది, అంటే కోలుకోలేని తప్పుతో ఆగిపోయింది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినప్పుడు అక్షరాల లాగిన్ తెర వచ్చిందంటే, తప్పు గ్రాఫిక్స్ వైపే ఉందని దాదాపు నిర్ధారణ అయినట్టే.

పెన్‌డ్రైవ్, బూట్ పద్ధతి

అన్నింటికన్నా మామూలు కారణాన్నే అందరూ ఆఖరున అనుమానిస్తారు. ఉబుంటు 24.04 ఐఎస్ఓ ఫైల్, అంటే ఇన్‌స్టాలర్ మొత్తం ఉండే ఒకే ఫైల్, సుమారు 6 జీబీ ఉంటుంది. డౌన్‌లోడ్ మధ్యలో నెట్ తెగినా, పెన్‌డ్రైవ్ నాసిరకమైనా ఫైల్‌లో ఏ మూలో పాడై, ఇన్‌స్టాల్ సగం దాటాక ఆగిపోవచ్చు. ‘స్క్వాష్‌ఎఫ్ఎస్ ఎర్రర్’ అనే వరుస తెర మీద పదేపదే పడుతుంటే ఐఎస్ఓనూ పెన్‌డ్రైవ్‌నూ అనుమానించాలి తప్ప డిస్కు పార్టిషన్ల జోలికి పోకూడదు. ఐఎస్ఓతోపాటు ప్రచురించే ఎస్‌హెచ్ఏ256 విలువతో (ఫైల్‌కు వేలిముద్ర లాంటి సంఖ్యతో) మన ఫైల్ విలువను సరిచూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఐఎస్ఓను మామూలు ఫైల్‌లా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బూట్ కాదు. రూఫస్, బలేనా ఎచర్ వంటి సాధనాలతోనే రాయాలి.

యూఈఎఫ్ఐతోపాటు పాత బయాస్‌ను అనుకరించే లెగసీ పద్ధతి కూడా ఉన్న ల్యాప్‌టాప్‌లలో బూట్ మెనూ ఒకే పెన్‌డ్రైవ్‌ను రెండుసార్లు చూపిస్తుంది: పేరు ముందు యూఈఎఫ్ఐ అని ఒకసారి, అది లేకుండా ఒకసారి. విండోస్ యూఈఎఫ్ఐలో ఉండగా పెన్‌డ్రైవ్‌ను లెగసీలో బూట్ చేస్తే, ఇన్‌స్టాల్ పూర్తయినా రెండు వ్యవస్థలూ రెండు వేర్వేరు దారుల్లో బూట్ అవుతాయి కాబట్టి ఒకే మెనూ నుంచి రెండింటినీ తెరవడం కుదరదు. లైవ్ సెషన్‌లో, అంటే ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లో, ఉండగా ‘సిస్’ ఫోల్డర్‌లోని ‘ఫర్మ్‌వేర్’ ఫోల్డర్‌ను తెరిచి చూడాలి. అందులో ‘ఈఎఫ్ఐ’ అనే ఫోల్డర్ ఉంటే యూఈఎఫ్ఐలో బూట్ అయినట్టు. లేకపోతే ఇన్‌స్టాల్ మొదలుపెట్టకుండా వెనక్కి వెళ్లడమే మేలు.

కనిపించని డిస్కు

లైవ్ సెషన్ చక్కగా నడుస్తుంది, వైఫై కూడా కలుస్తుంది, కానీ ఇన్‌స్టాలర్‌లో డిస్కును ఎంచుకోవాల్సిన చోట పెన్‌డ్రైవ్ తప్ప మరేమీ ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఇది. డిస్కుకు ఏమీ కాలేదు. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ అనే ఏర్పాటు కింద ఫర్మ్‌వేర్ ఎన్‌వీఎంఈ డిస్కును (వేగవంతమైన ఒక రకం ఎస్ఎస్‌డీని) నేరుగా చూపించకుండా ఒక కంట్రోలర్ వెనక ఉంచుతుంది. సెట్టింగుల్లో ఇది ‘రెయిడ్ ఆన్’ అనో, ‘ఆర్ఎస్‌టీ’ అనో ఉంటుంది. పదకొండో తరం ప్రాసెసర్ల నుంచి ‘వీఎండీ’ అన్న పేరు ఎక్కువగా కనిపిస్తుంది. ఒకే డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లో రెయిడ్‌కు, అంటే అనేక డిస్కులను ఒకటిగా కలిపే పద్ధతికి, అర్థమే లేదు, అయినా చాలా యంత్రాలు ఈ స్థితిలోనే ఫ్యాక్టరీ దాటుతాయి. కొత్త కెర్నల్‌లలో వీఎండీకి డ్రైవర్ ఉంది కాబట్టి అది ఆన్‌లో ఉన్నా డిస్కు కనిపించే అవకాశం ఉంది. పాత ‘రెయిడ్ ఆన్’ పద్ధతిలో దాగిన ఎన్‌వీఎంఈ డిస్కు మాత్రం లినక్స్ కంటపడదు. ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి దాన్ని డిస్కును నేరుగా చూపించే ఏహెచ్‌సీఐ పద్ధతికి మార్చడమో, వీఎండీని ఆపేయడమో చేయాలి. కొన్ని ఏసర్ మోడళ్లలో ఆ వరుస మామూలుగా కనిపించనే కనిపించదు; మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటపడుతుంది. డబ్బు పెట్టి కొనుక్కున్న యంత్రంలో డిస్కు సెట్టింగును కొన్నవాడి నుంచే దాచడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం.

విండోస్‌ను కూడా ఉంచుకోదలచినవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ మార్పు చేసి నేరుగా రీస్టార్ట్ చేస్తే, విండోస్ బూట్ సమయంలో ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను ఎత్తుకోవడానికి సిద్ధంగా ఉండదు కాబట్టి ‘ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్’ అనే నీలి తెరతో ఆగిపోతుంది. అందుకే ముందు విండోస్‌లోని సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కు టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి మార్పు చేయాలి. సేఫ్ మోడ్‌లో లేచిన విండోస్ కొత్త డ్రైవర్‌ను తనంతట తానే అమర్చుకుంటుంది. ఆ తర్వాత టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయవచ్చు. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి ఖాతా పాస్‌వర్డ్ ముందుగానే తెలిసి ఉండాలి. విండోస్ అక్కర్లేనివారికీ, విండోస్ లేకుండా డాస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్ కొన్నవారికీ ఈ తతంగమేదీ అవసరం లేదు.

అయితే ఫర్మ్‌వేర్‌లో అడుగుపెట్టడానికి ముందే చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, దాన్ని విస్మరిస్తే కలిగే నష్టం తిరిగి పూడ్చలేనిది. విండోస్ 11తో వచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు గుప్తీకరణ (బిట్‌లాకర్) మన ప్రమేయం లేకుండానే ఆన్ అవుతుంది. గుప్తీకరణ తాళం టీపీఎం చిప్ అధీనంలో ఉంటుంది. బూట్‌లోడర్ సంతకాన్ని సరిచూసే సెక్యూర్ బూట్‌ను ఆపినా, బూట్ వరుసలో మరికొన్ని మార్పులు జరిగినా ఆ చిప్ తాళం ఇవ్వడానికి నిరాకరిస్తుంది, అప్పుడు విండోస్ 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. ల్యాప్‌టాప్ కొన్న షాపులోనే ఎవరో ఒక ఖాతా తెరిచి ఇచ్చి, దాని పాస్‌వర్డ్ ఇప్పుడు ఎవరికీ గుర్తులేకపోతే, లోపలి ఫొటోలూ ఫైళ్లూ ఇక దొరకనట్టే. కాబట్టి కీని కాగితం మీద రాసుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేసి, అవసరమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాకే మిగతా పని.

లినక్స్ కోసం ఖాళీ జాగా చేయడం కూడా విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే జరగడం మంచిది. 300 జీబీ ఖాళీ ఉన్నా 20 జీబీకి మించి కుదించలేనని అది అన్నదంటే, పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్ వంటి కదలని ఫైళ్లు డిస్కు మధ్యలో కూర్చున్నాయన్నమాట. వాటిని తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించాలి. ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఆపాలి. అది ఆన్‌లో ఉన్నంతకాలం షట్‌డౌన్ అన్నది నిజమైన షట్‌డౌన్ కాదు, విండోస్ తన కెర్నల్ స్థితిని డిస్కులో దాచి సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలోని పార్టిషన్‌ను రాతకు తెరవడానికి లినక్స్ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే మన ఫైళ్లకు క్షేమం.

సెక్యూర్ బూట్ అనే ద్వారపాలకుడు

2012లో విండోస్ 8తో ప్రచారంలోకి వచ్చిన సెక్యూర్ బూట్ ఉద్దేశం మంచిదే: నమ్మకమైన సంతకం లేని బూట్‌లోడర్‌ను ఫర్మ్‌వేర్ నడవనివ్వకూడదు. చిక్కల్లా ఆ సంతకాన్ని సరిచూసే తాళాలు ప్రధానంగా మైక్రోసాఫ్ట్‌వి కావడం. అందువల్ల ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటివి షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు మైక్రోసాఫ్ట్ చేత సంతకం చేయించుకుంటాయి. ఫర్మ్‌వేర్ షిమ్‌ను, షిమ్ గ్రబ్‌ను, గ్రబ్ కెర్నల్‌ను నమ్ముతూ పని ముందుకు సాగుతుంది. ఇలా సంతకం ఉన్న పంపిణీలకు (లినక్స్ రకాలకు) సెక్యూర్ బూట్‌ను ఆపాల్సిన అవసరమే సాధారణంగా రాదు. ముందుగా దాన్ని ఆపేయమనే సలహాను గుడ్డిగా పాటించడం కన్నా, అది నిజంగా అడ్డుపడుతోందో లేదో చూడటం మంచిది.

అడ్డుపడే సందర్భాలు కొన్ని స్పష్టంగా తెలుసు. 2022 నుంచి వచ్చిన కొన్ని బిజినెస్ ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా కొన్ని థింక్‌ప్యాడ్‌లలో, షిమ్‌కు పనికొచ్చే మైక్రోసాఫ్ట్ థర్డ్ పార్టీ సర్టిఫికెట్ ఆఫ్‌లో ఉంటుంది. ఫర్మ్‌వేర్‌లో దాన్ని అనుమతిస్తే చాలు, సెక్యూర్ బూట్ మొత్తాన్ని ఆపక్కర్లేదు. ఏసర్‌లో చాలా మోడళ్లకు ముందు సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెడితే తప్ప సెక్యూర్ బూట్ వరుసలు తెరుచుకోవు. రెండో రకం చిక్కు ఇన్‌స్టాల్ అయ్యాక వస్తుంది. ఎన్విడియా డ్రైవర్, కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్లు తరచుగా మన యంత్రం మీదే తయారవుతాయి, అలాంటప్పుడు వాటి మీద పంపిణీదారు సంతకం ఉండదు. వాటి కోసం మనమే మోక్ అనే ఒక తాళాన్ని నమోదు చేయాలి. ఇన్‌స్టాలర్ ఒక పాస్‌వర్డ్ అడిగి, మరుసటి బూట్‌లో ‘మోక్ మేనేజ్‌మెంట్’ అనే నీలి తెర చూపిస్తుంది. అందులో ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెర పది సెకన్లే ఉండి వెళ్లిపోతుంది. అదేదో ఎర్రర్ అనుకుని దాటేసినవారికి ఆ తర్వాత డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపిస్తుంది గానీ పనిచేయదు.

మూడోది 2024 ఆగస్టులో చాలామందికి అనుభవమైంది. ఆ నెల విండోస్ భద్రతా అప్‌డేట్, పాత లోపభూయిష్టమైన బూట్‌లోడర్లను తిరస్కరించే ఎస్‌బ్యాట్ నియమాలను ఫర్మ్‌వేర్‌లోకి ఎక్కించింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న డ్యూయల్ బూట్ యంత్రాల జోలికి పోకూడదన్నది మైక్రోసాఫ్ట్ ఉద్దేశమైనా, కొన్నింటిని అది గుర్తించలేకపోయింది. మర్నాడు ఆ యంత్రాల్లో లినక్స్ ‘వెరిఫయింగ్ షిమ్ ఎస్‌బ్యాట్ డేటా ఫెయిల్డ్’ అంటూ ఆగిపోయింది. సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, లినక్స్‌లోకి వెళ్లి, మోక్‌యూటిల్ అనే సాధనంతో ఆ నియమాన్ని తొలగించి, షిమ్‌ను అప్‌డేట్ చేసుకుని మళ్లీ ఆన్ చేయడం దీనికి పరిష్కారంగా నిలిచింది. లినక్స్ వైపు ఒక్క అక్షరం మారకపోయినా లినక్స్ ఆగిపోవచ్చనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

బొమ్మ రాని తెర, దొరకని వైఫై

గ్రబ్ మెనూ వచ్చి, ఇన్‌స్టాల్ వరుస ఎంచుకోగానే తెర నల్లబడితే, ముఖ్యంగా ఎన్విడియా గ్రాఫిక్స్ ఉన్న యంత్రాల్లో, అనుమానించాల్సింది తెర రిజల్యూషన్‌ను కెర్నల్ తన అధీనంలోకి తీసుకునే దశను. గ్రబ్ మెనూలో ఆ వరుస మీద ఉండగా ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అనే మాటతో మొదలయ్యే పంక్తి చివరి భాగంలో ‘క్వయట్ స్ప్లాష్’ అనే రెండు మాటలను తీసేసి, అక్కడ ‘నోమోడ్‌సెట్’ అని చేర్చి, ఎఫ్10 నొక్కాలి. మొదటి మార్పు వల్ల దాగి ఉన్న సందేశాలు తెర మీదకు వస్తాయి. రెండోదాని వల్ల కెర్నల్ గ్రాఫిక్స్ డ్రైవర్ జోలికి పోకుండా ఫర్మ్‌వేర్ ఇచ్చిన తెరతోనే సర్దుకుంటుంది. ఇది ఆ ఒక్క బూట్‌కే వర్తించే కట్టు, చికిత్స కాదు. సరైన డ్రైవర్ పెట్టుకున్నాక కూడా దాన్ని శాశ్వతంగా వదిలేస్తే బ్రైట్‌నెస్ మారదు, రెండో మానిటర్ కలవదు, వీడియోలు ప్రాసెసర్ మీద భారంగా నడుస్తాయి.

గ్రాఫిక్స్‌లోనూ వైఫైలోనూ తరచుగా మరచిపోయే విషయం కెర్నల్ వయసు. ఉబుంటు 22.04 మొదట 5.15 కెర్నల్‌తోనూ, 24.04 మొదట 6.8 కెర్నల్‌తోనూ వచ్చాయి. ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన చిప్‌లకు వాటిలో డ్రైవర్ ఉండకపోవచ్చు. స్థిరమైనది కదా అని పాత విడుదలను కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టడం అందుకే సరైన నిర్ణయం కాదు. పాత ల్యాప్‌టాప్‌కు అదే విడుదల చక్కగా సరిపోతుంది. వైఫైకి డ్రైవర్‌తోపాటు చిప్‌లోకి ఎక్కించే ఫర్మ్‌వేర్ ఫైల్ కూడా కావాలి. డెబియన్ చాలాకాలం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఇలాంటి ఫైళ్లను అధికారిక ఐఎస్ఓల్లో చేర్చలేదు. 2022లో జరిగిన ఓటింగ్ తర్వాత ఆ విధానం మారి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుంచి అవి కలిసే వస్తున్నాయి. వాటి కోసం నెట్ కావాలి, నెట్ కోసం అవే కావాలి అన్న చిక్కుముడి పడితే, ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేయడం సులువైన దారి.

ఇన్‌స్టాల్ అయ్యాక వచ్చే చిక్కులు

రీస్టార్ట్ చేశాక నేరుగా విండోసే వస్తుంటే ఇన్‌స్టాల్ విఫలమైందని అనుకోనక్కర్లేదు. బూట్‌లోడర్ల జాబితా ఫర్మ్‌వేర్ జ్ఞాపకంలో ఉంటుంది, అందులో విండోస్ మొదటి స్థానంలో ఉండిపోయి ఉంటుంది. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోని బూట్ ఆర్డర్‌లో లినక్స్ పేరును పైకి జరిపితే సరిపోతుంది. పైకి జరిపినా మళ్లీ కిందికి పోయే మొండి ఫర్మ్‌వేర్‌లు కూడా ఉన్నాయి. వాటిలో ప్రతిసారీ బూట్ మెనూ కీ నొక్కడం తాత్కాలిక ఉపాయం. గ్రబ్ రెస్క్యూ ప్రాంప్ట్‌కు కారణం ఎక్కువగా మనమే పార్టిషన్లను చెరిపి, కలిపి ఉండటం. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో లేచి, ఇన్‌స్టాల్ అయిన వ్యవస్థలోకి క్రూట్ అనే ఆదేశం ద్వారా ప్రవేశించి, గ్రబ్‌ను మళ్లీ ఎక్కించాలి. మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దీనికి అవసరం లేదు.

గడియారం సంగతి చిన్నదే కానీ కంగారు పెడుతుంది. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అని లినక్స్, స్థానిక సమయం అని విండోస్ అనుకుంటాయి. అందుకే లినక్స్ నుంచి విండోస్‌లోకి వచ్చినప్పుడు మన దగ్గర సరిగ్గా 5 గంటల 30 నిమిషాలు వెనక చూపిస్తుంది. డాలస్‌లోని తెలుగువారికి కాలాన్ని బట్టి 5 లేదా 6 గంటలు ముందు చూపిస్తుంది. స్థానిక సమయాన్నే నమ్మమని టైమ్‌డేట్‌సీటీఎల్‌తో లినక్స్‌కు ఒక్క ఆదేశం ఇస్తే సరి.

ఇన్ని మార్గాలున్నా, కొన్ని యంత్రాల్లో కొన్ని భాగాలు లొంగవు. డ్రైవర్ లేని వేలిముద్ర సెన్సర్లు, ఇంటెల్ ఐపీయూ6 మీద ఆధారపడే కొత్త రకం వెబ్‌క్యామ్‌లు, మూత వేస్తే నిద్రలోకి పోకుండా బ్యాగులో వేడెక్కే మోడళ్లు ఈ కోవలోవి. చివరిదానికి కొన్నిసార్లు ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో మందు దొరుకుతుంది. కొన్ని కంపెనీలు అప్‌డేట్‌ను విండోస్ ప్రోగ్రామ్‌గానే ఇస్తాయి కాబట్టి, విండోస్‌ను చెరిపేయడానికి ముందే ఆ పని ముగించడం తెలివైన పని. ఇవన్నీ తెలుసుకోవడానికి ఇన్‌స్టాల్ చేసి చూడనక్కర్లేదు. లైవ్ సెషన్‌లోనే వైఫై, సౌండ్, బ్రైట్‌నెస్ కీలు, టచ్‌ప్యాడ్, కెమెరా పరీక్షించి, మూత వేసి తీసి చూసి, రోజూ తప్పనిసరిగా కావాల్సినవాటిలో ఏదైనా పనిచేయకపోతే ఇంకాస్త కొత్త కెర్నల్ ఉన్న పంపిణీతో మరోసారి చూడాలి. అప్పటికీ పనిచేయకపోతే ఆ యంత్రంలో విండోస్ పార్టిషన్‌ను అలాగే ఉంచి, మిగిలిన జాగాలో మాత్రమే లినక్స్ పెట్టుకోవాలి.